స్విచ్ ఆపితే సరిపోదు: సీలింగ్ లైటు మార్చే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ. పాత బల్బు హోల్డరు తీసేసి ఆరు కిలోల మెటల్ లైటు పెట్టాలనుకుంటున్నారు. హోల్డరు మూత విప్పి చూస్తే ఒక ఎర్ర వైరు, ఒకే స్క్రూ కింద మెలిపెట్టి ఉన్న రెండు నల్ల వైర్లు, పైపు మూతి దగ్గర కత్తిరించి వదిలేసిన ఆకుపచ్చ వైరు కనిపించాయి. కొత్త లైటుకేమో బ్రౌన్, నీలం, పసుపు-ఆకుపచ్చ చారలది, మొత్తం మూడు వైర్లు ఉన్నాయి. ఏది దేనికి కలపాలి, స్విచ్ ఆపేసి చేసుకుంటే చాలా, ఆకుపచ్చ వైరు వదిలేస్తే ఏమవుతుంది అన్నవి మీ ప్రశ్నలు.

పొట్టి జవాబు కావాలంటే: ఎర్ర వైరు బ్రౌన్‌కి, రెండు నల్ల వైర్లూ కలిపి నీలానికి, ఆకుపచ్చ వైరు లైటు బాడీకి. స్విచ్ ఆపితే చాలదు. ఆకుపచ్చ వైరు వదిలేయకూడదు.

కానీ ఇంతవరకే చదివి నిచ్చెన ఎక్కకండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. లైటు బిగించడంలో వైర్లు కలపడం పది నిమిషాల పని. మిగతా టైమంతా ఈ వైర్లలో ఇప్పుడు కరెంటు లేదని రూఢి చేసుకోవడానికే పోతుంది. ఆ టైము మిగుల్చుకుందామని చూసినప్పుడల్లా దెబ్బ తిన్నాను.

మొదటి దెబ్బ పని నేర్చుకునే రోజుల్లో. ఒక ఇంట్లో ఇలాంటి హోల్డరే మార్చాలి. స్విచ్ ఆపాను. జేబులోంచి టెస్టరు తీసి రెండు స్క్రూలకీ ఆనించాను. కిటికీ పక్కన, మిట్టమధ్యాహ్నం, ఎండ నేరుగా చేతి మీద పడుతోంది. టెస్టరులో ఉండే నియాన్ బల్బు వెలిగినా అంత వెలుతురులో కనపడదన్న ఆలోచనే రాలేదు. స్క్రూ వదులు చేసి వైరు లాగుతుంటే దాని కొన వేలి వెనకభాగానికి తగిలింది. చెయ్యి దానంతటదే వెనక్కి విసురుగా వచ్చింది, మోచెయ్యి నిచ్చెనకి కొట్టుకుంది, మరుక్షణం నేలమీద ఉన్నాను. షాక్ కొట్టింది రెప్పపాటు సేపే. విరిగిన మణికట్టు అతుక్కోవడానికి మాత్రం నెలన్నర పట్టింది. తర్వాత మా మేస్త్రి స్విచ్‌బోర్డు విప్పి చూపించాడు. ఆ స్విచ్ ఫేజు (కరెంటు తెచ్చే వైరు) మీద లేదు, న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) మీద ఉంది.

స్విచ్ న్యూట్రల్ మీద పెట్టినా లైటు చక్కగా వెలుగుతుంది, చక్కగా ఆరుతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాదు. కానీ లైటు ఆరి ఉన్నప్పుడు కూడా ఫేజు హోల్డరు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. హోల్డరులో బల్బు ఉంటే దాని గుండా రెండో స్క్రూకి కూడా వచ్చేస్తుంది. మీ ఇంట్లో ఎలా ఉందో నాకు తెలియదు, మీకూ తెలియదు. అందుకే స్విచ్‌ని లెక్కలోకి తీసుకోవద్దంటున్నాను.

ఆపాల్సింది డీబీలో, అంటే ఇంటి లైన్లన్నిటి స్విచ్చులూ ఉండే పెట్టెలో, ఆ లైట్ల లైనుకి ఉన్న ఎంసీబీ (లైను మీద కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్). ఏ ఎంసీబీ దేనిదో రాసి ఉన్నా ఆ రాతను నమ్మకండి. పాత బల్బు ఇంకా వెలుగుతుంటే దాన్ని వేసి ఉంచండి, అది ఆరిపోయేదాకా ఎంసీబీలు ఒక్కొక్కటీ దించండి. ఆరిపోయిన తర్వాత ఒక నిమిషం ఊరికే చూస్తూ ఉండండి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఆ బల్బు మళ్లీ వెలగొచ్చు. నేను చూసిన షాకుల్లో చాలా వాటికి ఇదే మూలం. మెయిన్ దించేస్తారు, ఫ్రిజ్ ఆగిపోతుంది, టీవీ ఆగిపోతుంది, అంతా అయిపోయిందనుకుంటారు. ఇన్వర్టరుకి మాత్రం కరెంటు పోయినట్టు లెక్క, అది తన పని తాను మొదలుపెడుతుంది. లైటు స్విచ్ ముందే ఆపేసి ఉంటే ఆ సంగతి తెలిసే దారే లేదు. కాబట్టి ఇన్వర్టరుని కూడా ఆపండి, దాని అవుట్‌పుట్‌కి వేరే ఎంసీబీ ఉంటే అదీ దించండి. బ్యాటరీ ఉన్న సోలార్ సిస్టమ్ ఉంటే దానికీ ఇదే మాట. దించిన ఎంసీబీ మీద టేపు అంటించి, పని జరుగుతోందని ఇంట్లో వాళ్లందరికీ చెప్పండి. నిచ్చెన మీద మీరున్నప్పుడు "కరెంటు పోయిందేంటి" అని ఎవరో వచ్చి ఎంసీబీ ఎత్తడం కట్టుకథ కాదు.

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుంది అనుకునేవాళ్లు చాలామంది. పడదు. అది వైర్లు కాలిపోకుండా చూసే కాపలా, మనుషుల కాపలా కాదు. లెక్క చూడండి. లైట్ల లైనుకి మామూలుగా 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ ఉంటుంది. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వైరు వదలడం కష్టమవుతుంది. 30 దాటి కొంతసేపు ఒంట్లోంచి పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. 6 ఆంపియర్లంటే 6,000 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆ 30కి 200 రెట్లు. ఎంసీబీ దృష్టిలో మీరు ఒక చిన్న బల్బుతో సమానం. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ, కరెంటు కాస్త దారితప్పి భూమికి పోయినా పడిపోయే స్విచ్. దాని మీద 30 ఎంఏ అని రాసి ఉండాలి, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. పడకపోతే లైటు సంగతి తర్వాత, ముందు దాన్ని మార్పించండి. అదైనా ఫేజు నుంచి మీ ఒంటి గుండా భూమికి కరెంటు పోతేనే పట్టుకుంటుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికీ మీరు బల్బులాగే కనిపిస్తారు.

ఇక రంగులు. రంగు అనేది మనకన్నా ముందు పని చేసినవాడు చెప్పిపోయిన మాట, అంతే. పాత పద్ధతిలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ (భూమికి కలిపే వైరు). ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్న పద్ధతిలో బ్రౌన్ ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు-ఆకుపచ్చ చారలు ఎర్త్. మీ సీలింగ్‌లో ఉన్నవి పాత రంగులు, లైటుకి వచ్చినవి కొత్త రంగులు. ఇందులో రెండు గోతులున్నాయి. పాత పద్ధతిలో త్రీఫేజు కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. అక్కడ నీలం చూసి న్యూట్రల్ అనుకుంటే అంతే సంగతులు. రెండోది, అమెరికా పద్ధతిలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. అక్కడి వీడియో చూసి ఇక్కడ పని చేస్తే తలకిందులవుతుంది. వీటికి తోడు, ఎర్ర వైరు అయిపోయిందని చేతికి దొరికిన రంగు లాగేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అందుకని మీటరు. నియాన్ టెస్టరు నేనూ జేబులో పెట్టుకుంటాను, కానీ అది "కరెంటు ఉంది" అని చెప్పినప్పుడే దాని మాట వింటాను. "లేదు" అంటే వినను. చెప్పుల వల్ల, ఎండిన నిచ్చెన వల్ల, వెలుతురు వల్ల అది వెలగకపోవచ్చు, వెలిగినా కనపడకపోవచ్చు. తాకకుండానే కూత పెట్టే పెన్ను టెస్టర్లదీ అదే కథ. లేదని తేల్చడానికి రెండు ప్రోబులున్న టెస్టరు గానీ మల్టీమీటరు గానీ కావాలి. మల్టీమీటరైతే ఏసీ వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు వోల్టుల రంధ్రంలోనే ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. ఆంపియర్ల రంధ్రంలో ఉంచి 230 వోల్టుల మీద ఆనించారంటే మీ చేతిలో ఉన్నది మీటరు కాదు, షార్ట్ సర్క్యూట్.

దీనికి ఒక క్రమం ఉంది, నేను దాన్ని ఎప్పుడూ తప్పను. ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో మీటరు పెట్టి 230 దరిదాపుల్లో చూపిస్తోందో లేదో చూస్తాను. తర్వాత సీలింగ్ దగ్గర ఎరుపు-నలుపు, ఎరుపు-ఆకుపచ్చ, నలుపు-ఆకుపచ్చ మూడు జతలూ చూస్తాను. మళ్లీ ప్లగ్గు దగ్గరికి వచ్చి మీటరు ఇంకా పనిచేస్తోందని చూస్తాను. ఈ చివరిది అందరూ వదిలేస్తారు. నిచ్చెన ఎక్కేటప్పుడు ప్రోబు వైరు లోపల తెగిపోయినా మీటరు సున్నానే చూపిస్తుంది. అది ఏ సున్నానో తేల్చేది ఈ మూడో చూపే.

ఒక్కోసారి ఎంసీబీ దించాక కూడా డిజిటల్ మీటరు 20, 40, ఒక్కోచోట 80 వోల్టులు కూడా చూపిస్తుంది. అదే పైపులో పక్కన వేరే లైను వైర్లు నడుస్తుంటే వాటి ప్రభావం దీని మీద పడుతుంది. మీటరు లాగే కరెంటు అతి స్వల్పం కాబట్టి ఆ నీడ వోల్టేజీని కూడా చూపించేస్తుంది. కొంచెం లోడు లాగే రెండు ప్రోబుల టెస్టరుతో చూస్తే అది సున్నాకి పడిపోతుంది. పడిపోయేదాకా దాన్ని నిజమైన కరెంటుగానే లెక్కపెట్టండి. నీడే కదా అని మీ అంతట మీరు తేల్చేయొద్దు.

ఇప్పుడు మీ రెండు నల్ల వైర్లు. నాకు మీ ప్రశ్నలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఇదే. ఎక్కువ శాతం ఇళ్లలో దీని అర్థం ఇది: ఒక నల్ల వైరు బోర్డు నుంచి న్యూట్రల్ తెస్తోంది, రెండోది ఆ న్యూట్రల్‌ని ఇక్కడి నుంచి పక్క గది లైటుకి తీసుకుపోతోంది. మీ పాత హోల్డరు స్క్రూ రెండిటికీ జంక్షన్‌లా పనిచేస్తోంది. ఆ రెండిటినీ విడదీశారనుకోండి. పక్క గది లైటు స్విచ్ వేసి ఉంటే, ఫేజు ఆ బల్బు గుండా వచ్చి ఈ రెండో నల్ల వైరు కొనలో నిలబడుతుంది. నలుపే, న్యూట్రలే, కానీ ముట్టుకుంటే ఫేజు ముట్టుకున్నట్టే. పక్క గది లైటు అదే ఎంసీబీ మీద ఉంటే భయం లేదు, అదీ ఆగిపోయి ఉంటుంది. వేరే ఎంసీబీ మీద గానీ ఇన్వర్టరు లైను మీద గానీ ఉంటే, మీరు అన్నీ సరిగ్గా చేసినా కొడుతుంది. అందుకని ఈ వైర్లు విడదీసే రోజున ఒక్క లైట్ల ఎంసీబీ కాదు, మెయిన్‌తో సహా అన్నీ దించండి. అప్పుడు మీ ఇంట్లో ఏ ప్లగ్గులోనూ కరెంటు ఉండదు కాబట్టి మీటరు చూసుకునే ప్లగ్గు పక్కింటిదైనా సరే, కరెంటు ఉన్నదే కావాలి. అర్ధగంట ఫ్యాన్ లేకపోతే ఏమీ కాదు.

ఇంకో అవకాశం కూడా ఉంది. రెండో నల్ల వైరు న్యూట్రలే కాకపోవచ్చు, ఎవరో చేసిన వింత కనెక్షన్ కావచ్చు. తేల్చుకోవడానికి నేను చేసేది చెబుతాను. అంతా ఆపి, టెస్ట్ చేసి, నాలుగు వైర్లనీ విడదీసి, వరసగా రంధ్రాలుండే ప్లాస్టిక్ కనెక్టరు పట్టీలో ఒక్కో రంధ్రంలో ఒక్కోటి బిగిస్తాను. బయటికి రాగి ఎక్కడా కనపడకూడదు. అప్పుడు కరెంటు వేయించి, పట్టీ మీది స్క్రూ తలల మీద ప్రోబులు ఆనించి కొలుస్తాను. చేతికి ఊగే బోసి వైర్ల మీద ఎప్పుడూ కొలవొద్దు. రెండు ఒకదానికొకటి తగిలి చిటపటమంటే నిచ్చెన మీద మీరు ఉలిక్కిపడతారు, అదే చాలు.

ఏం కనపడాలంటే, గది స్విచ్ వేసినప్పుడు ఎరుపుకీ ఒక నలుపుకీ మధ్య 230 దరిదాపుల్లో రావాలి, ఆపితే అది పోవాలి. ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య కూడా అంతే. స్విచ్ ఆపినా ఎరుపు-ఆకుపచ్చ మధ్య 230 అలాగే ఉంటే, మా మేస్త్రి చూపించిన బోర్డు లాంటిదే మీదీ. లైటు పక్కన పెట్టి ముందు బోర్డులో ఆ తప్పు సరిచేయించండి. ఆ నలుపుకీ ఆకుపచ్చకీ మధ్య సున్నా గానీ రెండు మూడు వోల్టులు గానీ ఉండాలి. ఇక రెండో నలుపు: పక్క గది లైటు వేస్తే అందులో 230 కనపడి, ఆ లైటు మాత్రం వెలగకపోతే అది ముందుకు పోయే న్యూట్రలే, అనుమానం లేదు. రెండు నల్ల వైర్లూ ఒకే కనెక్టరులోకి పోవాలి. అలా కాకుండా అది ఏ స్విచ్‌కీ సంబంధం లేకుండా ఎప్పుడూ ఫేజు చూపిస్తుంటే అక్కడితో ఆపి మనిషిని పిలవండి. కొలత అయ్యాక మళ్లీ అన్నీ ఆపడం, మళ్లీ ఆ మూడు చూపుల టెస్టు. విసుగే. నాకూ విసుగే.

ఎర్త్ గురించి. పాత హోల్డరు ప్లాస్టిక్, దానికి ఎర్త్ అక్కర్లేదు, అందుకే అప్పటి మనిషి ఆకుపచ్చ వైరు కత్తిరించి పోయాడు. మీరు పెట్టేది మెటల్. లోపల ఒక వైరు ఇన్సులేషన్ ఒరిసిపోయి బాడీకి తగిలితే, ఎర్త్ ఉంటే ఆర్‌సీసీబీయో ఎంసీబీయో వెంటనే పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏమీ జరగదు, లైటు హాయిగా వెలుగుతూనే ఉంటుంది, బాడీ మొత్తం ఫేజు అయి కూర్చుంటుంది. రెండేళ్ల తర్వాత దుమ్ము తుడవడానికి స్టూలెక్కినవాళ్లకి తెలుస్తుంది.

ఆకుపచ్చ వైరుతో ఎరుపుకి 230 వచ్చిందంటే ఎర్త్ కనెక్షన్ ఉందని మాత్రమే అర్థం, అది గట్టిగా ఉందని కాదు. సన్నగా పట్టుకుని ఉన్న తుప్పు జాయింటు కూడా మీటరుకి 230 చూపిస్తుంది, నిజంగా ఫాల్టు వచ్చినప్పుడు చేతులెత్తేస్తుంది. దాన్ని లోడు పెట్టి కొలిచే లూప్ టెస్టరు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది. ఒకవేళ 230 రాకుండా 50, 70 లాంటివి వస్తే ఆ ఆకుపచ్చ వైరు రెండో కొన ఎక్కడా కలిపి లేదన్నమాట. అప్పుడు రెండే దారులు: బోర్డు నుంచి ఎర్త్ లాగించడం, లేదా ఈ లైటు వెనక్కిచ్చి, ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తున్న డబుల్ ఇన్సులేషన్ లైటు కొనడం. దానికి ఎర్త్ అవసరం లేకుండానే తయారుచేస్తారు.

మూడో దారి ఒకటి ఎవరో ఒకరు చెబుతారు: "ఎర్త్ లేకపోతే న్యూట్రల్‌కి కలిపెయ్, రెండూ భూమికే కదా పోయేది". దయచేసి ఈ పని చేయకండి. వెనక ఎక్కడైనా న్యూట్రల్ వదులై ఊడిందంటే, ఫేజు బల్బు గుండా న్యూట్రల్‌కి, అక్కడి నుంచి నేరుగా లైటు బాడీకి వస్తుంది. అసలు ఎర్త్ లేకపోవడం కన్నా ఇది ఘోరం.

మీది పైపు మూతి దగ్గర కత్తిరించి ఉంది కాబట్టి, అదే మందం వైరు ముక్క కనెక్టరుతో అతికి పొడిగించండి. ఆ అతుకు సీలింగ్ బాక్సులోనో లైటు పైమూతలోనో ఉండాలి, పైపులోకి నెట్టొద్దు. లైటు లోపల ఎర్త్ వైరుని మిగతా రెండిటికన్నా కాస్త పొడుగ్గా వదలండి. ఎప్పుడైనా లైటు ఊడి లాగినా ముందు ఫేజు తెగాలి, ఎర్త్ ఆఖరున తెగాలి.

ఆరు కిలోల బరువు సంగతి. స్లాబులో ఫ్యాన్ కోసం వేసిన ఇనుప హుక్కు ఉంటే అదృష్టం, దానికే వేలాడదీయండి. లేకపోతే కాంక్రీటులో డ్రిల్లు చేసి లోపల విచ్చుకునే మెటల్ యాంకర్ బోల్టు వాడండి. గోడకి ఫొటో తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గులు సీలింగ్‌కి, అదీ ఈ బరువుకి నేను వాడను. గోడ మీద బరువు ప్లగ్గుకి అడ్డంగా లాగుతుంది, సీలింగ్‌లో నేరుగా కిందికి ఊడలాగుతుంది. ఫాల్స్ సీలింగ్ అయితే జిప్సం బోర్డుకి బిగించే ఆలోచనే వద్దు, బరువు పై స్లాబు నుంచే దిగాలి. డ్రిల్లు వేసే ముందు ఆ పైపు ఏ వైపు నుంచి వస్తోందో చూసుకుని, దాని దారికి ఎడంగా వేయండి.

లైటుని పైకి ఎక్కించక ముందు కిందే టేబుల్ మీద పెట్టి ఓసారి చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిందంటే అంతా బిగించే ఉంటుందని లేదు, లోపలి స్క్రూలు వదులుగా ఉన్న కొత్త లైట్లు నాకు తరచూ తగులుతాయి. మీటరు కంటిన్యూటీలో (రెండు కొనలు కలిసి ఉంటే కూత పెట్టే సెట్టింగులో) పెట్టి బ్రౌన్ వైరుకీ బాడీకీ మధ్య చూడండి, కూత రాకూడదు. నీలానికీ బాడీకీ అంతే. ఎర్త్ వైరుకీ బాడీకీ మధ్య మాత్రం కూత రావాలి. పెయింటు మీద బిగిస్తే రాదు, గీకి బిగించాలి. మర బల్బులు పట్టే ఈ27 హోల్డర్లుంటే ఇంకో చూపు: బ్రౌన్ వైరు హోల్డరు అడుగున ఉండే నాలుక లాంటి కాంటాక్టుకి పోవాలి, నీలం చుట్టూ ఉన్న మరకి. తిరగబడితే బల్బు మార్చేటప్పుడు వేళ్లు తగిలే మర ఫేజు అవుతుంది. లైటు మీద రాసిన గరిష్ఠ వాట్లు దాటొద్దు. ఎల్ఈడీ పలక లాంటి లైటైతే దాని డ్రైవరుని (ఇంటి కరెంటుని పలకకి సరిపడేలా మార్చే చిన్న పెట్టెని) తీసి పక్కన పెట్టి నేరుగా కరెంటు ఇవ్వకండి, కరెంటు ఉండగా డ్రైవరుకీ పలకకీ మధ్య ప్లగ్గు ఊడదీసి పెట్టకండి. పలక మాడిపోతుంది.

వైర్లు కలపడం. లైటుని చేత్తో పట్టుకుని రెండో చేత్తో వైర్లు కలపాలని చూడకండి. గట్టి కమ్మీ ముక్కని ఎస్ ఆకారంలో వంచి, ఒక కొన హుక్కుకి, ఇంకో కొన లైటుకి తగిలించండి. లైటు మీ ఛాతీ ఎత్తులో వేలాడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బరువు ఒక్క క్షణమైనా వైర్ల మీద పడకూడదు.

పైతొడుగు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఒలవండి. బ్లేడుతో చుట్టూ కోస్తే రాగికి గాటు పడుతుంది. ఆ గాటు దగ్గరే రెండుసార్లు వంగాక విరుగుతుంది, అదీ మూత బిగించాక. వైరు ఒలిచే పరికరం వాడండి. పోగుల వైరైతే పోగులన్నీ కలిపి మెలితిప్పండి, ఒక్క పోగు కూడా బయట మీసంలా మిగలకూడదు. వైరు కొనకి టంకం వేసి స్క్రూ కింద బిగించే అలవాటు కొందరికి ఉంది, చూడ్డానికి నీటుగా ఉంటుంది. కానీ టంకం మెత్తనిది. స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా జారి కనెక్షన్ వదులవుతుంది.

మెలితిప్పి టేపు చుట్టడం ఒక్కటి మాత్రం మానేయండి. లైటు వేడికి ఏడాది తిరిగేసరికి టేపు జిగురు కారి, విప్పుకుని వేలాడుతూ ఉంటుంది. పాత లైట్లు దించినప్పుడల్లా నేను చూసేది అదే. మీటను ఎత్తి వైరు పెట్టి దించేసే కనెక్టర్లు ఇప్పుడు అందరికీ దొరుకుతున్నాయి. మీ రెండు నల్ల వైర్లకీ నీలానికీ కలిపి మూడు రంధ్రాలది ఒకటి, ఎరుపు-బ్రౌన్‌కి రెండు రంధ్రాలది ఒకటి, ఎర్త్‌కి ఇంకోటి. స్క్రూ కనెక్టరైతే స్క్రూ రాగి మీదే దిగాలి, తొడుగు మీద కాదు. కలిపిన ప్రతి వైరునీ పట్టి గట్టిగా ఒకసారి లాగండి. ఊడితే ఇప్పుడే ఊడాలి. ఎర్త్ ముందు కలపండి, విప్పాల్సి వస్తే ఆఖరున విప్పండి.

పైమూత బిగించేటప్పుడు దాని అంచుకీ సీలింగ్‌కీ మధ్య వైరు నలగకుండా చూడండి. ఒక్కోసారి ఈ పనంతా చేస్తుండగానే నలుపు, ఆకుపచ్చ తగిలి ఇంటి మొత్తానికి ఆర్‌సీసీబీ పడిపోతుంది. లైట్ల ఎంసీబీ దించి ఉన్నా సరే పడుతుంది, ఎందుకంటే చాలా ఎంసీబీలు ఫేజునే తెంచుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది. కంగారు పడొద్దు, అది చెడిపోలేదు. మెయిన్ కూడా దించమన్నానంటే ఇందుకు కూడా.

కరెంటు వేసేటప్పుడు నిచ్చెన మీద ఎవరూ ఉండకూడదు. గది స్విచ్ ఆపి ఉంచి మెయిన్, తర్వాత ఎంసీబీ ఎత్తండి, తర్వాత స్విచ్. వెలిగాక టెస్టరు బాడీకి ఆనించి చూడండి, అక్కడ వెలిగితే వెంటనే అంతా ఆపండి. అరగంట వెలగనిచ్చి పైమూత దగ్గర కాలిన వాసన గానీ సన్నటి గుయ్‌మనే శబ్దం గానీ ఉందేమో గమనించండి. పక్క గది లైటు కూడా వేసి చూడటం మరవకండి, దాని న్యూట్రల్ మీ చేతుల మీదుగానే పోతోంది.

కొన్ని చోట్ల పని మొదలుపెట్టకముందే ఆగాలి. వైరు తొడుగు వంచితే పెళుసుగా రాలిపోతుంటే, లోపలిది రాగి కాకుండా తెల్లటి అల్యూమినియం అయితే, పాత స్క్రూ చుట్టూ నల్లగా మాడిన గుర్తులుంటే, మీటరు చూపించేది పైన నేను చెప్పినవాటిలో దేనితోనూ కలవకపోతే. అల్యూమినియాన్నీ రాగినీ మామూలు కనెక్టరులో కలిపితే జాయింటు దగ్గర పొర కట్టి వేడెక్కుతుంది. కొన్ని దేశాల్లో ఇంటివాళ్లు ఈ పని సొంతంగా చేయడానికి చట్టం ఒప్పుకోదు, మీ దగ్గర నిబంధన ఏమిటో చూసుకోండి. బాత్‌రూమ్‌లో పెట్టే లైటైతే ఇదంతా సరిపోదు, నీటి తుంపర్లు తట్టుకునే ఐపీ44 లాంటి గుర్తున్నది కావాలి, షవరుకి ఎంత దూరంలో ఉండాలన్న లెక్కలు వేరే ఉన్నాయి.

అంతా అయ్యాక, రాత్రి స్విచ్ ఆపినా కొత్త లైటు మసకగా మిణుకుమంటోందని మళ్లీ అడుగుతారేమో, ఇప్పుడే చెప్పేస్తాను. ఎల్ఈడీ వెలగడానికి చాలా కొద్ది కరెంటు చాలు. చీకట్లో కనపడే చిన్న ఇండికేటరున్న స్విచ్ అయితే ఆ ఇండికేటరు గుండా వచ్చే కరెంటుకే మిణుకుమనొచ్చు. స్విచ్ నుంచి వచ్చే పొడవైన వైరు పక్కనే ఫేజు నడుస్తున్నా అంతే. ఇవి రెండూ ప్రమాదం కాదు. మామూలు స్విచ్ ఉండి, అయినా మిణుకుమంటుంటే మాత్రం స్విచ్ న్యూట్రల్ మీద ఉందేమో మళ్లీ చూడండి. కనెక్టరు పట్టీ మీద ఎరుపు-ఆకుపచ్చ కొలిచినప్పుడు, స్విచ్ ఆపగానే 230 పోయిందా లేదా ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, అప్పుడు మళ్లీ నిచ్చెన ఎక్కే పని ఉండదు.